ఇంట్లోనే చదువు: 11 × 10 అడుగుల గదిని ఎలా అమర్చుకోవాలి?

గోరింట (హనుమకొండ)

అందరికీ నమస్కారం. వచ్చే జూన్ నుంచి మా పిల్లలిద్దరినీ బడి మాన్పించి ఇంట్లోనే చదివించాలని నేనూ మావారూ నిర్ణయించుకున్నాం. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్న చర్చ ఇంట్లో ఇప్పటికే చాలినంత జరిగింది కనుక, ఇక్కడ గది గురించి మాత్రమే అడుగుతున్నాను. బాబుకు తొమ్మిదేళ్లు, ఎత్తు 131 సెంటీమీటర్లు. పాపకు ఆరేళ్లు, ఎత్తు 115 సెంటీమీటర్లు. పాపది ఎడమచేతి వాటం.

మా ఫ్లాటులో వాయవ్య మూలన ఉన్న పడకగదిని ఇందుకు కేటాయించాం. తూర్పు పడమరలుగా 11 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 10 అడుగులు ఉంటుంది. ఉత్తరపు గోడకు నాలుగడుగుల వెడల్పు కిటికీ ఉంది, తలుపు దక్షిణపు గోడకు ఉంది. తూర్పు గోడ నిండా అలమారా, దానిపైన అటక ఉన్నాయి. అటక మీద పెట్టెలు, చలికాలపు బొంతలు ఉంటాయి, వాటికి వేరే చోటు లేదు. పడమటి గోడ బయటికి ఉండటంతో ఎండాకాలం సాయంత్రానికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది.

వడ్రంగి ఒక నమూనా గీసి ఇచ్చారు. పడమటి గోడ పొడవునా గోడకే బిగించిన పదడుగుల బల్ల, ముప్పై అంగుళాల ఎత్తున. దాని ముందు తిరిగే కుర్చీలు రెండు. పైన తలుపులతో అరలు. ఎదురుగా ఆరడుగుల తెల్లబోర్డు, నాకొక బల్ల. పిల్లలు పెద్దయినా పనికొస్తుందని ఆ ఎత్తు పెట్టామన్నారు. మొత్తం 68 వేలు అవుతుందట. మేము 45 వేలు దాటలేము. మావారికి ఆ నమూనా నచ్చింది, ఎందుకంటే అది అచ్చం తరగతి గదిలా ఉంది. నాకు నచ్చనిది కూడా సరిగ్గా అదే, అయితే ఎందుకు నచ్చలేదో వివరించి చెప్పలేకపోతున్నాను. పైగా మా అత్తయ్యగారు పిల్లలు తూర్పు ముఖంగానే కూర్చుని చదవాలని పట్టుబడుతున్నారు. గోడల నిండా అక్షరాల పటాలు, ఎక్కాల పటాలు అంటించాలా అన్నది మరో సందేహం. ఈ దారిలో ముందు నడిచినవారు మీ అనుభవం చెప్పగలరని కోరుతున్నాను.

సాగరతీరం (విశాఖపట్నం)

గోరింట గారికి నమస్కారం. మీ వడ్రంగి గీసిన గదిని మేము 2019లో కట్టించాం కనుక దాని సంగతి చెప్పగలను. గోడకు బిగించిన బల్ల, పైన తలుపుల అరలు, తెల్లబోర్డు, అన్నీ ఉండేవి. మూడు నెలలు తిరగకుండా ఆ బల్ల మీద ఇస్త్రీ చేయవలసిన బట్టలు చేరాయి. మా పెద్దది లెక్కలు వంటింటి గట్టు పక్కన నిలబడి చేసేది, చిన్నవాడు కథల పుస్తకం పట్టుకుని భోజనాల బల్ల కిందికి దూరేవాడు. బల్లను కదిలించే వీలు లేదు కనుక గదినే వదిలేశారు. చివరికి మా తాతగారి కాలం నాటి వాలు డెస్కు ఒకటి, అంటే గుమాస్తాలు చాప మీద కూర్చుని పద్దులు రాసుకునే రకం, ఊరి నుంచి తెచ్చాక పిల్లలిద్దరూ దానికోసం పోట్లాడుకోవడం మొదలుపెట్టారు.

అందువల్ల నా మొదటి సలహా ఏమిటంటే, మీ 45 వేలల్లో మూడోవంతు కంటే ఎక్కువ ఇప్పుడు ఖర్చు చేయవద్దు. గదిని ఖాళీ చేసి, జంపఖానా పరిచి, ఇంట్లో ఉన్న అరను ఏదైనా తెచ్చి పెట్టి, నెల రోజులు అలాగే నడపండి. పిల్లలు ఏ పని ఎక్కడ కూర్చుని చేస్తున్నారో, ఏ వేళకు ఎటు జరుగుతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని వడ్రంగిని పిలిస్తే, ఆయన చెప్పినదానికి తలూపే అవసరం ఉండదు.

ఖర్చులో ముందు వెలుతురుకు, తర్వాత కూర్చునే ఎత్తుకు, ఆ తర్వాత పిల్లల చేతికి అందే పుస్తకాల అరకు చోటివ్వండి. బోర్డు చివరన రావచ్చు. వెలుతురంటే దీపాలొక్కటే కావు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో జరిగి 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో, మొదటి తరగతి పిల్లలకు బడి జరిగే రోజుల్లో అదనంగా 40 నిమిషాలు ఆరుబయట కేటాయించి చూస్తే, మూడేళ్లకు వారిలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు 30 శాతం దాకా ఉన్నారు. మామూలుగా నడిచిన బడుల్లో ఆ సంఖ్య దాదాపు 40 శాతం. ఇంటి చదువులో ఈ 40 నిమిషాలు ఎవరినీ అడగకుండా ఇవ్వవచ్చు. మేము పై అరలకు పెట్టిన డబ్బులో సగం పెట్టి ఉంటే బాల్కనీకి వల, నీడకు చాపతెర, కూర్చోవడానికి రెండు మోడాలు వచ్చేవని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఒక చిన్న మాట. తాళం పడే అర ఒకటి మీకోసం ఉంచుకోండి. పిల్లలు చేసిన పనిని నెలవారీగా తేదీలు వేసి దస్త్రాల్లో పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే రేపు వారు తిరిగి ఏ తరగతిలోనో చేరదలచినా, 14 ఏళ్లు నిండాక సార్వత్రిక పాఠశాల ద్వారా పదో తరగతి రాయదలచినా, ఏయే పాఠాలు ఎంతవరకు అయ్యాయో మీకు ఒక లెక్క ఉండాలి.

బాడిస (రాజమహేంద్రవరం)

మా నాన్నగారు వడ్రంగం చేసేవారు. నేను బడి బల్లలు తయారుచేసే చిన్న కార్ఖానాలో పదిహేనేళ్లుగా ఉన్నాను. సాగరతీరం గారు చెప్పిన ‘నెల రోజులు ఆగండి’ అన్న మాటతో ఏకీభవిస్తూ, కొలతల దగ్గర కొంత విపులంగా రాస్తాను.

ముప్పై అంగుళాల బల్ల పెద్దవాళ్ల బల్ల. 115 సెంటీమీటర్ల పాప దాని ముందు కూర్చుంటే బల్ల అంచు దాదాపు చంకల దాకా వస్తుంది, భుజాలు పైకెత్తి రాయవలసి ఉంటుంది. దానికి సరిపడా కుర్చీని పెంచితే కాళ్లు గాలిలో వేలాడతాయి, అరగంటలో తొడల కింద తిమ్మిరెక్కి పాప లేచిపోతుంది, మనమేమో పిల్లకు నిలకడ లేదంటాం. బడి బల్లల తయారీలో మేము చూసుకునే ఐరోపా ప్రమాణం ప్రకారం 108 నుంచి 121 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లలకు కుర్చీ 31, బల్ల 53 సెంటీమీటర్లు ఉండాలి. 119 నుంచి 142 వరకు ఉన్నవారికి కుర్చీ 35, బల్ల 59. అంటే మీ బాబుకు కావలసిన బల్ల ఇరవైమూడు అంగుళాల పైచిలుకు, అంతే. కొలతలు గుర్తుండకపోయినా ఫరవాలేదు: కూర్చున్నప్పుడు అరికాళ్లు నేలకు పూర్తిగా ఆనాలి, భుజాలు వదులుగా వదిలితే మోచెయ్యి బల్ల ఎత్తుకు రావాలి.

ఇక దిక్కుల సంగతి. కుడిచేత్తో రాసేవారికి వెలుతురు ఎడమ నుంచి, ఎడమచేత్తో రాసేవారికి కుడి నుంచి రావాలి, లేకపోతే రాస్తున్న చేతి నీడ అక్షరం మీదే పడుతుంది. మీ వడ్రంగి గీసిన నమూనాలో ఇద్దరూ పడమటి గోడకు ముఖం పెట్టి కూర్చుంటారు కనుక కిటికీ ఇద్దరికీ కుడివైపున పడుతుంది. అది పాపకు చక్కగా సరిపోతుంది, బాబుకు సరిపోదు. పైగా ఆ వేడి గోడ ముందు మే నెలలో ఎవరినీ కూర్చోబెట్టకూడదు. బల్లను ఉత్తరపు కిటికీ పక్కకు తెచ్చి, బాబును తూర్పు ముఖంగా, పాపను పడమటి ముఖంగా, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టండి. బాబుకు కిటికీ ఎడమన, పాపకు కుడిన వస్తుంది. ఉత్తరపు కిటికీ నుంచి ఎండ నేరుగా పడటం అరుదు, రోజంతా ఒకే రకమైన వెలుతురు వస్తుంది, ఆ విషయంలో మీరు అదృష్టవంతులు. మీ అత్తయ్యగారి మాట సగం నెగ్గింది, మిగిలిన సగం ఆమెను ఒప్పించడం మీ నేర్పు.

ఎదురెదురుగా కూర్చోవాలంటే బల్ల ఎత్తు ఒకటే ఉండాలి కదా అంటారేమో. బల్లను బాబుకు తగినట్టు 59 సెంటీమీటర్లకు పెట్టి, పాప కుర్చీని 31కి బదులు 37 సెంటీమీటర్లు చేసి, పాదాల కింద ఆరు సెంటీమీటర్ల పీట వేయండి. కాళ్లను చెక్కతో చేయించవద్దు. వెల్డింగు షాపులో పెద్ద చదరపు ఇనుప గొట్టంలో చిన్న గొట్టం దూరేలా చేయించి, రెండంగుళాలకు ఒక రంధ్రం పెట్టించి బోల్టు బిగిస్తే, పిల్లలు పెరిగినకొద్దీ బల్లా పెరుగుతుంది. ‘పెద్దయినా పనికొస్తుంది’ అన్న మీ వడ్రంగి ఆలోచన తప్పు కాదు, దాన్ని ఇలా నెరవేర్చాలి.

ప్లైవుడ్డు ఎనిమిదడుగులు పొడవు, నాలుగడుగులు వెడల్పు షీట్లుగా వస్తుంది. మొదటి షీటులో సగంతో నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల బల్ల పలకలు రెండు తీయండి. కలిపి వేస్తే నాలుగు నాలుగుల చదరం అవుతుంది, పిల్లలు తగువులాడుకున్న రోజున విడదీయవచ్చు. మిగిలిన సగంలోనూ రెండో షీటులోనూ అడుగు వెడల్పు ముక్కలు కోయిస్తే, మూడడుగుల ఎత్తున్న పుస్తకాల అరలు రెండు హాయిగా వస్తాయి. అరల వెడల్పు రెండున్నర అడుగులు దాటనివ్వకండి. అడుగు నిడివి పుస్తకాలు ఏడెనిమిది కిలోలు తూగుతాయి, అంతకంటే పొడుగు అర అయితే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డయినా ఏడాదికల్లా నడుమ కుంగుతుంది. షీటు మీద ఐఎస్ఐ ముద్ర పక్కన 303 అని ఉంటే మామూలు రకం, 710 అని ఉంటే నీటికి ఆగే రకం. పొడి గదికి 303 చాలు. సన్‌మైకా మాత్రం మెరుపు లేనిది తీసుకోండి, మెరిసేదాని మీద దీపం ప్రతిబింబించి కళ్లను ఇబ్బంది పెడుతుంది. ఎక్కడానికి వీలున్న ఏ అరనైనా, చిన్నదే కదా అనుకోకుండా, గోడకు ఇనుప ఎల్ ముక్కతో బిగించండి. ఆరేళ్ల పిల్లలకు అర అంటే నిచ్చెనే.

పాత పలక (మదనపల్లె)

నేను ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఇరవై ఆరేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఒకే గదిలో రెండు మూడు తరగతుల పిల్లలతో నెగ్గుకురావడం మాకు నిత్యం ఉన్నదే కనుక, అమ్మాయీ, నీ ఇద్దరు పిల్లల గది నాకు పరాయిగా అనిపించడం లేదు.

తరగతి గదిలా ఉందనే నీకు నచ్చలేదన్నావు కదా, ఆ సంకోచం సరైనదే. 1907లో రోములో ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి ‘పిల్లల ఇల్లు’ అనే బడి తెరిచినప్పుడు, నేలకు బిగించిన బల్లలను కాదని, పిల్లలు తామే ఎత్తి జరుపుకోగలిగినంత తేలికైన చిన్న బల్లలు, కుర్చీలు చేయించారు. ఆమె 1939లో మద్రాసు వచ్చి ఇక్కడి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అయినా మన బడుల్లో బల్లలు బరువుగానే మిగిలాయి, ఎందుకో ఆలోచించుకోవాలి. బాడిస గారు చెప్పిన ఇనుప కాళ్లు మంచివే గాని, మీ అబ్బాయి ఒక కొస పట్టుకుని లేపగలడా లేదా అని చేయించే ముందు చూసుకోండి.

బోర్డు చివరన రావచ్చునన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. ఆరడుగుల తెల్లబోర్డు టీచరు నిలబడి రాయడానికి. నీకు కావలసింది పిల్లలు రాసే బోర్డు. మా మదనపల్లె దగ్గరి రిషీ వ్యాలీ పాఠశాల చుట్టుపక్కల పల్లె బడుల్లో గోడ కింది భాగాన, పిల్లలు నేల మీద కూర్చుని రాసుకునే ఎత్తులో, నల్లబల్ల పట్టీలు ఉంటాయి. వాటిని చూసి వచ్చాక మా బడిలోనూ అలాగే వేయించాను. తప్పు రాస్తే చెయ్యి చాచి తుడిచేయవచ్చన్న ధీమా ఉన్నప్పుడు పిల్లలు ధైర్యంగా రాస్తారు, కాగితం మీద ఆ ధైర్యం ఉండదు. తలుపున్న దక్షిణపు గోడ మీద, నేలకు అడుగున్నర పైనుంచి మూడడుగుల ఎత్తు వరకు, నల్లబల్ల రంగు రెండు పూతలు వేయించుకుంటే లీటరు డబ్బాలో పని అయిపోతుంది. గోడ బాగా ఆరి, నునుపుగా ఉండాలి. రంగు ఎండాక సుద్దముక్కను అడ్డంగా పట్టి బల్లంతా రుద్ది, ఒకసారి తుడిచాకనే రాయడం మొదలుపెట్టాలి. అలా చేయకపోతే మొదట రాసిన అక్షరాల జాడ పోదు. పూర్వం పలకకు బొగ్గు, దొండాకు రుద్ది నలుపు తెప్పించుకున్నవాళ్లకు ఈ మాత్రం శ్రమ ఒక లెక్క కాదు.

పటాల విషయం. 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చిన్న పిల్లలకు బొమ్మలతో నిండిన గదిలో కొన్ని పాఠాలు, ఖాళీ గోడల గదిలో కొన్ని పాఠాలు చెప్పి చూశారు. నిండిన గదిలో పిల్లల ధ్యాస ఎక్కువగా చెదిరింది, నేర్చుకున్నది తగ్గింది. దుకాణంలో దొరికే మెరుపు పటాలు పది కొనే బదులు, ఈ వారం పిల్లలు తామే గీసిన పటం ఒకటి అంటించి, వచ్చే వారం తీసేయండి. శాశ్వతంగా ఉండవలసినవి ఇంటికే ఉన్నాయి. తలుపు తెరుచుకునే దారిలో నేల మీద పావు వృత్తం గీసి పది పది డిగ్రీలకు గుర్తు పెడితే, తలుపే కోణమానిని అవుతుంది. సర్కారు బడి భవనాల్లో ‘బాల’ పేరుతో, అంటే భవనమే బోధనా సాధనం అన్న ఆలోచనతో, ఇలాంటివి చేశారు. తలుపు చట్రం మీద సెంటీమీటర్లు గీయండి. కొత్త సామాను కొనేముందు గదిని పిల్లల చేతే కొలిపించండి, నేల బండలు లెక్కపెట్టించండి. మొదటి వారం లెక్కల పాఠం అదే.

ఫ్రిస్కో నాన్న (టెక్సస్)

మేము ఇక్కడ ఐదేళ్లుగా ఇంట్లోనే చదివిస్తున్నాం. 1994లో టెక్సస్ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఇక్కడ ఇంటి బడిని ప్రైవేటు బడిగానే పరిగణిస్తారు, అందువల్ల చుట్టుపక్కల ఇలాంటి గదులు చాలా చూశాను. వాటిలో ఎక్కువ భాగం ఫొటోల కోసం అమర్చినవే అంటే ఎవరూ నొచ్చుకోరనుకుంటాను.

సాగరతీరం గారితో ఒక్కచోట నా అభిప్రాయం వేరు. పిల్లలు ఇల్లంతా చదువుకుంటారు, నిజమే, కాని ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసే మనిషి ఉన్నప్పుడు తలుపు మూసుకునే గది ఒకటి ఉండితీరాలి. చదువు వేళ ముగిసిందనడానికి గుర్తుగా మేము ఆ తలుపే మూస్తాం. అలా చేయకముందు భోజనాల బల్ల మీది లెక్కల పుస్తకాలు రాత్రి పప్పు గిన్నె వచ్చేదాకా అక్కడే ఉండేవి, నేను తింటూ కూడా తప్పులు దిద్దేవాణ్ణి.

అరల్లో అన్నీ ఒకేసారి పెట్టవద్దు. ఎనిమిది పది వస్తువులు మాత్రం బయట ఉంచి, మిగిలినవి అలమారాలో దాచి, మూడు వారాలకొకసారి మార్చండి. పాత బొమ్మే కొత్తదై వస్తుంది. తెలుగు పుస్తకాలను పిల్లల కంటి ఎత్తు అరలో, వెన్ను కాకుండా అట్ట కనబడేలా పెట్టండి. మాకు ఇక్కడ తెలుగు నిలవడానికి ఆ ఒక్క అర చేసిన మేలు ఇంకేదీ చేయలేదు. హనుమకొండలో మీకు ఆ బెంగ లేదనుకోవద్దు, ఇంగ్లీషు పుస్తకాలు అక్కడా పై అర ఆక్రమించేస్తాయి.

గోరింట (హనుమకొండ)

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. మాస్టారు గారికీ, మిగిలిన అందరికీ కృతజ్ఞతలు. పదడుగుల బల్ల ఆలోచన మానుకున్నాం. వడ్రంగికి కొంచెం కోపం వచ్చింది గాని, ఇనుప కాళ్ల సంగతి వివరించాక ‘ఇదేదో బాగుందే’ అని ఆయనే వెల్డింగు షాపుకు తీసుకెళ్లారు. బల్ల పలకలు రెండు, అరలు రెండు, కుర్చీలు, పాపకు పీట, ఎడమచేతి వాటానికి తగినట్టు కుడివైపున ఒక దీపం, నల్లబల్ల రంగు, అన్నీ కలిపి ఇప్పటికి 26 వేల 400 రూపాయలయ్యాయి. అరలను పడమటి గోడకు బిగించాం, బల్ల కిటికీ దగ్గర ఉంది. పిల్లలు ఎదురెదురుగా కూర్చుని మొదటి నాలుగు రోజులు కాళ్లతో తన్నుకున్నారు. బల్ల కింద అడ్డంగా ఒక చెక్క బిగించాక సద్దుమణిగింది. బాబు తన కొసను లేపగలుగుతున్నాడు, పాప లేపలేదు.

అత్తయ్యగారు పాప పడమటి ముఖాన్ని చూసి రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు పొద్దున్నే పాపను బాల్కనీలో తూర్పు ముఖంగా కూర్చోబెట్టి తానే పద్యాలు చెప్పిస్తున్నారు, కనుక సాగరతీరం గారు చెప్పిన ఆరుబయటి 40 నిమిషాలు కూడా అందులోనే గడుస్తున్నాయి. ఫ్రిస్కో నాన్న గారూ, మీరన్నది నిజమే. కంటి ఎత్తు అరలో ఉన్నవి లెక్కపెడితే పదకొండింటిలో తొమ్మిది ఇంగ్లీషువే.

మాస్టారు గారు చెప్పినట్టు గదిని పిల్లల చేత కొలిపించాం. నేల బండలు రెండడుగులవని మేమంతా అనుకుంటున్నాం కదా, పదడుగుల వైపు ఐదు బండలు సరిగ్గా పట్టాలి. ఐదు పట్టాక కూడా గోడ పక్కన మూడు వేళ్ల వెడల్పు సన్న ముక్క వేసి ఉంది. అది ఎందుకుందని బాబు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. అటక మీద మిగిలిపోయిన బండల పెట్టె దింపి చూస్తే దాని మీద 600 మిల్లీమీటర్లని ఉంది. అడుగంటే 30.48 సెంటీమీటర్లని పుస్తకంలో వెతికి, పదితో హెచ్చవేసి, 300 తీసేసి, నాలుగు పాయింట్ ఎనిమిది అని దక్షిణపు గోడ నల్లబల్ల మీద రాశాడు. ఇంకా తుడవనివ్వలేదు. పదకొండు అడుగుల వైపు మాత్రం లెక్కకూ కొలతకూ ఒక సెంటీమీటరు తేడా వస్తోంది; గోడ వంకరా, వాడి టేపు వంకరా అన్నది రేపు తేలాలి.